డబ్బు కట్టినా బొమ్మ రాకపోతే: డీఆర్ఎం తాళాలున్న సినిమాలు, పుస్తకాలు కొనేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు

గుంటూరులో టీవీలు, ప్రొజెక్టర్లు, హోమ్ థియేటర్లు బిగించడం నా పని. పండగ సెలవులొస్తే నాకు ఫోన్లు ఎక్కువ. చాలామంది చెప్పేది ఒకటే: "సౌండ్ వస్తోందండీ, బొమ్మ రావట్లేదు." ఇంకొందరు, "4కే టీవీ కొన్నాం, 4కే ప్లాన్ కట్టాం, బొమ్మ మాత్రం మసకగా ఉంది" అంటారు. వెళ్లి చూస్తే టీవీ బాగానే ఉంటుంది. వైరు బాగానే ఉంటుంది. నెట్ స్పీడూ బాగానే ఉంటుంది. అడ్డు పడుతున్నది సినిమాకి వేసిన తాళం.

ఆ తాళాన్ని డీఆర్ఎం అంటారు. దొంగ కాపీలు పుట్టకుండా కంపెనీలు పెట్టుకున్న కాపలా అది. అయితే దొంగ కాపీకి ఏ తాళమూ ఉండదు. పెన్‌డ్రైవ్‌లో వేసి ఏ పాత టీవీకి పెట్టినా ఆడుతుంది. నెలనెలా డబ్బు కట్టే మనిషి మాత్రం నన్ను పిలిపించుకుని, వచ్చినందుకు నాకూ డబ్బిచ్చుకోవాలి. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. సినిమా తీసినవాళ్లకు డబ్బు చేరాలని కోరుకుని, నిజాయితీగా కట్టినవాళ్లే విసిగిపోయి మళ్లీ టెలిగ్రామ్ లింకులు వెతుక్కోవడం చూశాను. అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను. తాళం పగలగొట్టే దారులు ఇందులో ఉండవు. డబ్బు కట్టే ముందు ఏం చూసుకోవాలి, కట్టాక ఆడకపోతే ఎక్కడ వెతకాలి, ఎవరిని అడగాలి, అంతవరకే.

తాళాలు ఎక్కడెక్కడ ఉంటాయి

నెట్‌లో వచ్చే సినిమా మన పరికరానికి చేరేటప్పటికి ఎవరికీ అర్థం కాని అంకెల ముద్దగా ఉంటుంది. దాన్ని విప్పే కీ, కంపెనీ సర్వర్ నుంచి విడిగా వస్తుంది. కీ పంపే ముందు సర్వర్ కొన్ని సంగతులు చూసుకుంటుంది: ఈ పరికరం ఏది, కీని భద్రంగా దాచే చోటు ఇందులో ఉందా, ఏ దేశం నుంచి అడుగుతోంది, అకౌంటుకి గడువు ఉందా. ఆండ్రాయిడ్ ఫోన్లలో, ఆండ్రాయిడ్ టీవీల్లో ఈ పని చేసేది గూగుల్ వారి వైడ్‌వైన్. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ వారి ప్లేరెడీ, ఆపిల్ పరికరాల్లో ఫెయిర్‌ప్లే.

రెండో తాళం వైరు మీద ఉంటుంది. దాని పేరు హెచ్‌డీసీపీ, తయారుచేసింది ఇంటెల్. హెచ్‌డీఎంఐ వైరుకి ఈ చివరున్న పెట్టె (సెట్‌టాప్ బాక్సో, స్ట్రీమింగ్ స్టిక్కో), ఆ చివరున్న తెర ఒకదాన్నొకటి గుర్తుపట్టాలి. మధ్యలో ఇంకో పెట్టె ఉంటే దాన్నీ గుర్తుపట్టాలి. ఒక్కచోట తేడా వచ్చినా బొమ్మ ఆగిపోతుంది, లేదా నాణ్యత పడిపోతుంది. నేను చూసే కేసుల్లో ఎక్కువ ఇవే. అందుకే దీని గురించి ఎక్కువ చెబుతాను.

టీవీలో, ప్రొజెక్టర్‌లో బొమ్మ రాకపోతే

మొదట యూట్యూబ్‌లో ఏదైనా మామూలు పాట పెట్టండి. అదీ రాకపోతే వైరో, పోర్టో, టీవీయో పాడై ఉండొచ్చు, మెకానిక్‌ని పిలవండి. పాట చక్కగా వచ్చి, డబ్బు కట్టిన సినిమా ఒక్కటే నల్లగా వస్తే మాత్రం అది తాళం గొడవే అనుకోవచ్చు. ఈ ఒక్క పరీక్షతో చాలా టెన్షన్ తగ్గుతుంది. టీవీ పోయిందేమో అని కంగారుపడి బోర్డు మార్పించుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

తర్వాత టీవీ, పెట్టె రెండింటి ప్లగ్గులూ గోడ నుంచి పీకేయండి. రిమోట్‌తో ఆపితే సరిపోదు. ఒక నిమిషం ఆగి ముందు టీవీ, అది పూర్తిగా వచ్చాక పెట్టె ఆన్ చేయండి. రెండూ మళ్లీ మొదటి నుంచి పలకరించుకుంటాయి. చాలాసార్లు ఇక్కడితోనే పని అయిపోతుంది.

అవకపోతే మధ్యలో ఉన్న పెట్టెలన్నీ తీసేయండి. స్విచ్చర్, స్ప్లిటర్, పొడుగు వైరు కోసం పెట్టిన జాయింటు, సౌండ్ కోసం పెట్టిన యాంప్లిఫయర్, ఏది ఉన్నా సరే. ఫైర్‌స్టిక్కో సెట్‌టాప్ బాక్సో ఏదైతే అది నేరుగా టీవీలో గుచ్చండి. ఇప్పుడు బొమ్మ వస్తే, తీసినవి ఒక్కొక్కటే మళ్లీ పెట్టుకుంటూ రండి. ఏది పెట్టినప్పుడు బొమ్మ పోయిందో అడ్డం అదే.

అరండల్‌పేటలో ఒక డాక్టరు గారింట్లో ఇలాగే జరిగింది. ఆయన దగ్గర చాలా ఏళ్ల కిందట ఇష్టపడి కొనుక్కున్న హోమ్ థియేటర్ యాంప్లిఫయర్ ఉంది. ఈ రోజుకీ దాని సౌండ్ అద్భుతం. కొత్తగా 4కే టీవీ కొన్నారు. స్ట్రీమింగ్ పెట్టె నుంచి వైరు యాంప్లిఫయర్‌కి, అక్కడి నుంచి టీవీకి వెళుతోంది. 4కే సినిమాలకు హెచ్‌డీసీపీ 2.2 కావాలి. ఆ యాంప్లిఫయర్ అది పుట్టకముందుది. అందుకని సినిమా 4కేలో రాదు. షాపులో ఆయనకి కొత్త యాంప్లిఫయర్ కొనమని చెప్పారట. అక్కర్లేదు. పెట్టెని నేరుగా టీవీకి పెట్టాను. టీవీ వెనక ఆప్టికల్ అని రాసి ఉన్న రంధ్రం నుంచి ఒక సన్నని వైరు యాంప్లిఫయర్‌కి లాగాను. బొమ్మ టీవీలో ఆగింది, సౌండ్ ఆయన యాంప్లిఫయర్‌కి వెళ్లింది. మీ యాంప్లిఫయర్‌లోనూ టీవీలోనూ ఏఆర్‌సీ అని రాసిన హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటే ఆప్టికల్ వైరు కూడా అక్కర్లేదు, ఉన్న హెచ్‌డీఎంఐ వైరే సౌండ్‌ని వెనక్కి తీసుకెళుతుంది. మంచి సామాన్ని తాళం కోసం పారేయకండి.

పోర్టు కూడా మార్చి చూడండి. 4కే టీవీలు కొత్తగా వచ్చిన రోజుల్లో కొన్నింటికి హెచ్‌డీసీపీ 2.2 అసలు ఉండేది కాదు, కొన్నింటికి ఒక్క పోర్టుకే ఉండేది. పోర్టు పక్కన చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో 4కే టీవీ కొంటుంటే ఫోన్ టార్చ్ వేసి అది చదివాకే బేరం మొదలుపెట్టండి.

ఇక పాత ప్రొజెక్టర్లు. కాలేజీల్లో, ట్యూషన్ సెంటర్లలో నీలం రంగు వీజీఏ వైరుతో నడిచేవి ఇంకా ఉన్నాయి. వీజీఏకి హెచ్‌డీసీపీ అనేదే లేదు, ఉండే వీలూ లేదు. మధ్యలో కన్వర్టర్ పెట్టినా తాళమున్న సినిమా మంచి నాణ్యతలో రాదు, ఒక్కోసారి అసలే రాదు. క్లాసులో పాఠాల వీడియోలకు అది హాయిగా పనికొస్తుంది. డబ్బు కట్టే సినిమాల కోసం దాని మీద ఇంకో రూపాయి పెట్టకండి.

ఆన్‌లైన్‌లో వచ్చే చవక ఆండ్రాయిడ్ ప్రొజెక్టర్ల మీద నాకు చాలా కోపం. డబ్బా మీద "4కే సపోర్ట్" అని ఉంటుంది, ఓటీటీ యాప్‌ల బొమ్మలన్నీ ఉంటాయి. "4కే సపోర్ట్" అంటే చాలావాటిలో అర్థం, 4కే వీడియో ఇస్తే తీసుకుని దాన్ని కుదించి తన తక్కువ నాణ్యతలో చూపిస్తుందని. యాప్‌ల సంగతి ఇంకా అన్యాయం. ఆ పరికరానికి గూగుల్ గుర్తింపు, ఆ ఓటీటీ కంపెనీ గుర్తింపు లేకపోతే యాప్ తెరుచుకోదు, లేదా మసక బొమ్మ ఇస్తుంది. బ్రాడీపేటలో ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో అమ్మానాన్నల కోసం ఇలాంటిది కొన్నాడు. రిటర్న్ గడువు దాటాక నా దగ్గరికి తెచ్చాడు. కొనే ముందు ఒక్క పరీక్ష చేసి ఉంటే ఆ డబ్బు మిగిలేది. ఆ పరీక్ష ఇది: ప్లే స్టోర్ తెరిచి సెట్టింగ్స్‌లో అబౌట్‌లోకి వెళితే, ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్ అనే చోట ఈ పరికరం సర్టిఫైడ్ అవునో కాదో రాసి ఉంటుంది. అసలు ప్లే స్టోరే లేకపోతే ఇంక అడగనక్కర్లేదు. ఆన్‌లైన్‌లో కొంటే డబ్బా తెరిచిన రోజే ఇది చూసి, కాకపోతే ఆ రోజే వెనక్కి పంపండి.

అప్పటికే కొనేసి ఉంటే ప్రొజెక్టర్ మీద ఆశ వదులుకోవద్దు. సర్టిఫికేషన్ ఉన్న స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి దాని హెచ్‌డీఎంఐలో పెడితే చాలావరకు ఆడుతుంది. ఆ కుర్రాడికీ అదే పెట్టాను. అప్పుడు ప్రొజెక్టర్ కేవలం తెర పని చేస్తుంది, తాళం సంగతంతా స్టిక్ చూసుకుంటుంది.

ఫోన్ స్క్రీన్‌ని టీవీ మీదకి మిర్రరింగ్ చేస్తే నల్లగా రావడం, సినిమా స్క్రీన్‌షాట్ తీస్తే నల్లగా రావడం, ఇవి చెడిపోవడం కాదు. యాప్ కావాలని అలా చేస్తుంది. సెట్టింగ్స్ మార్చి ప్రయోజనం లేదు. టీవీలోనే ఆ యాప్ పెట్టుకోండి.

లాప్‌టాప్‌లో మసకగా వస్తుంటే బ్రౌజర్ మార్చి చూడండి. విండోస్‌లో ఎడ్జ్, మ్యాక్‌లో సఫారీ ఆ పరికరంలోని గట్టి తాళాన్ని వాడుకోగలవు, కాబట్టి వాటికి మంచి నాణ్యత ఇస్తారు. లినక్స్ వాడేవాళ్లకు మాత్రం కొన్ని ఓటీటీల్లో ఎంత డబ్బు కట్టినా తక్కువ నాణ్యతే దక్కుతుంది. చదువుకునే పిల్లలు చాలామంది లినక్స్ వాడతారు. వాళ్ల దగ్గర తీసుకునేది మాత్రం అదే ధర.

ఫోన్ కొనే ముందు

వైడ్‌వైన్‌లో మెట్లు ఉన్నాయి. ఎల్1 అంటే కీని విప్పే పని, బొమ్మని విప్పే పని రెండూ చిప్‌లోని భద్రమైన చోట జరుగుతాయి. ఎల్3 అంటే అంతా సాఫ్ట్‌వేర్‌లోనే. ఎల్3 ఫోన్‌కి పెద్ద ఓటీటీలు చాలావరకు హెచ్‌డీ ఇవ్వవు. స్క్రీన్ ఎంత మంచిదైనా, మీ ప్లాన్ ఎంత పెద్దదైనా అంతే.

ఇది చవక ఫోన్ల సమస్య అనుకోకండి. 2017లో వచ్చిన వన్‌ప్లస్ 5, 5టీ ఫోన్లు ఎల్3తోనే వచ్చాయి. తర్వాత ఎల్1 ఇస్తామన్నారు కానీ, దానికోసం ఫోన్‌ని కంపెనీకి పంపాల్సి వచ్చింది. 2018లో పోకో ఎఫ్1 కూడా ఎల్3తో వచ్చి, మరుసటి ఏడాది అప్‌డేట్‌తో ఎల్1 అయింది. అప్పటిదాకా కొన్నవాళ్లు మసక బొమ్మతోనే సర్దుకున్నారు. ప్రకటనల్లో కెమెరా గురించి ఇంత పొడుగున రాస్తారు, ఈ సంగతి ఒక్క ముక్క రాయరు.

చూసుకోవడం తేలిక. ప్లే స్టోర్‌లో డీఆర్ఎం ఇన్ఫో అనే యాప్ ఉంది. అందులో వైడ్‌వైన్ దగ్గర సెక్యూరిటీ లెవెల్ ఎల్1 అని ఉండాలి. నెట్‌ఫ్లిక్స్ యాప్ సెట్టింగ్స్‌లో ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్ అనే చోట కూడా కనిపిస్తుంది. సెకండ్ హ్యాండ్ ఫోన్‌కి ఇది తప్పనిసరిగా చూడండి. ఎవరైనా బూట్‌లోడర్ (ఫోన్‌ని మొదట లేపే ప్రోగ్రామ్) తాళం తెరిచి వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఉంటే చాలా మోడళ్లలో ఎల్1 పోయి ఎల్3కి పడిపోతుంది. పాత ఫోన్‌కి మీరే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుందామనుకుంటే, ఈ నష్టం లెక్కలో వేసుకున్నాకే దిగండి.

డౌన్‌లోడ్ల గురించి ఒక్క మాట. ప్రయాణం కోసం సినిమా దించుకుంటే దానికి గడువు ఉంటుంది. కొన్ని చూడటం మొదలుపెట్టిన 48 గంటలకే ఆరిపోతాయి. అద్దెకి తీసుకునే సినిమాలకు కూడా సాధారణంగా మొదలుపెట్టడానికి 30 రోజులు, మొదలుపెట్టాక 48 గంటలు. విశాఖ రైలెక్కే ముందు ఇంటి వైఫైలో యాప్ ఒకసారి తెరిచి, దించుకున్నవి ఇంకా బతికే ఉన్నాయో లేదో చూసుకోండి.

"కొనండి" బటన్ నొక్కే ముందు

అద్దెకి తీసుకున్నదానికి గడువుంటే నాకు అభ్యంతరం లేదు. "కొనండి" అని రాసి అమ్మినదాని మీదే నా గొడవ. డబ్బంతా కట్టాక కూడా నీళ్లు మన బావిలో, చేంతాడు ఇంకొకరి చేతిలో అన్నట్టు ఉంటుంది పరిస్థితి.

2009 జులైలో అమెరికాలో అమెజాన్, తాను అమ్మిన ప్రసిద్ధ ఇంగ్లీషు నవలలు రెండింటిని కొన్నవాళ్ల కిండిల్‌ల (ఈ-పుస్తకాలు చదివే పరికరాలు) లోంచి దూరం నుంచే చెరిపేసింది. వాటిని పెట్టిన ప్రచురణకర్తకి అక్కడ హక్కులు లేవన్నది కారణం. డబ్బు తిరిగిచ్చారు. కానీ మిచిగన్‌లో ఒక హైస్కూల్ విద్యార్థి చదువు కోసం రాసుకున్న నోట్స్, పుస్తకం పోవడంతో పనికిరాకుండా పోయాయి. అతను కోర్టుకి వెళ్లాడు. అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్ బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. 2019 జులైలో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసింది, కొన్న పుస్తకాలన్నీ తెరుచుకోవడం మానేశాయి. డబ్బు వెనక్కిచ్చారు, నోట్స్ రాసుకున్నవాళ్లకు 25 డాలర్లు అదనంగా ఇచ్చారు. పుస్తకాలు మాత్రం పోయినట్టే. 2025 ఫిబ్రవరి 26 నుంచి అమెజాన్, కొన్న కిండిల్ పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకుని యూఎస్‌బీ వైరుతో పంపుకునే వీలు తీసేసింది.

మన దేశంలో జరిగింది చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఫ్లిప్‌కార్ట్ 2012లో ఫ్లైట్ పేరుతో పాటల దుకాణం తెరిచి మరుసటి ఏడాదే మూసేసింది. అమ్మినవి తాళం లేని ఎంపీ3లు. గడువులోగా దించుకున్నవాళ్ల పాటలు ఈ రోజుకీ ఏ ఫోన్‌లోనైనా ఆడతాయి. అదే కంపెనీ 2015 చివర్లో ఈ-పుస్తకాల దుకాణం మూసినప్పుడు, పాఠకులు తమ పుస్తకాల కోసం కోబో అనే ఇంకో కంపెనీకి మారాల్సి వచ్చింది. కంపెనీ ఒక్కటే, మూతపడటమూ ఒక్కటే. తాళం లేని పాట మనిషి దగ్గర ఉండిపోయింది, తాళమున్న పుస్తకం ఇంకో గుమ్మం వెతుక్కుంది.

అందుకని ఎక్కడైనా "కొనండి" అని కనిపిస్తే, ఫైలు నా చేతికి ఇస్తారా అని చూడండి. పాటలకు ఇది ఇప్పుడు కష్టం కాదు. ఐట్యూన్స్ పాటల మీద తాళాలు ఎత్తేస్తున్నట్టు ఆపిల్ 2009 జనవరిలోనే ప్రకటించింది. బ్యాండ్‌క్యాంప్ లాంటి చోట్ల కొంటే ఎంపీ3, ఎఫ్ఎల్ఏసీ ఫైళ్లు నేరుగా దించుకోవచ్చు. నెలవారీ పాటల యాప్‌లో "డౌన్‌లోడ్" అని నొక్కినవి ఇలాంటివి కావు, చందా ఆగితే అవీ ఆగుతాయి. కంప్యూటర్ ఆటలు కొనే పిల్లలకు జీఓజీ అనే ఆన్‌లైన్ దుకాణం చూపించండి. అక్కడ ఇన్‌స్టాలర్ ఫైలు దించి హార్డ్‌డిస్క్‌లో దాచుకోవచ్చు. 2024లో యూబీసాఫ్ట్ ది క్రూ అనే ఆట సర్వర్లు ఆపేయగానే, డబ్బు పెట్టి కొన్నవాళ్లకు కూడా ఆ ఆట తెరుచుకోవడం మానేసింది.

పుస్తకాల దగ్గర కొంచెం వెతుక్కోవాలి. కొన్ని కిండిల్ పుస్తకాల పేజీలో, ప్రచురణకర్త కోరిక మేరకు డీఆర్ఎం లేకుండా అమ్ముతున్నామని రాసి ఉంటుంది. గూగుల్ ప్లే బుక్స్‌లో కొన్న పుస్తకానికి ఎక్స్‌పోర్ట్ నొక్కితే, తాళం లేనిదైతే ఈపబ్ గానీ పీడీఎఫ్ గానీ నేరుగా వస్తుంది. తాళమున్నదైతే ఏసీఎస్ఎం అనే చిన్న ఫైలు వస్తుంది. అది పుస్తకం కాదు, పుస్తకం తెచ్చుకోవడానికి చీటీ మాత్రమే. అడోబ్ డిజిటల్ ఎడిషన్స్‌లో తెరిస్తే అసలు పుస్తకం దిగుతుంది. చాలామంది ఏసీఎస్ఎం ఫైలునే పెన్‌డ్రైవ్‌లో దాచుకుని పుస్తకం దాచుకున్నామనుకుంటారు.

అడోబ్ డిజిటల్ ఎడిషన్స్ మొదటిసారి తెరిచినప్పుడు, ఐడీ లేకుండా ఆథరైజ్ చేసుకోవచ్చు అని ఒక దారి చూపిస్తుంది. తేలికగా ఉందని దాన్ని నొక్కకండి. అలా తెరిచిన పుస్తకాలు ఆ ఒక్క కంప్యూటర్‌కే అతుక్కుపోతాయి. విండోస్ ఫార్మాట్ చేశారా, పుస్తకాలు మళ్లీ తెరుచుకోవు. ఉచితంగా అడోబ్ ఐడీ చేసుకుని దానితోనే ఆథరైజ్ చేయండి. పాత కంప్యూటర్ అమ్మేసేటప్పుడో ఫార్మాట్ చేయించేటప్పుడో హెల్ప్ మెనూలో ఎరేజ్ ఆథరైజేషన్ నొక్కడం మరవకండి. నా దగ్గరికి ఫార్మాట్‌కి వచ్చే ప్రతి కంప్యూటర్ యజమానినీ ఫొటోల గురించి అడిగినట్టే "ఈ-పుస్తకాలేమైనా కొన్నారా అండీ" అని అడుగుతాను. అడగని మెకానిక్‌కి మీరే చెప్పండి.

తాళం లేని పుస్తకాలు దాచుకోవడానికి కాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలా మంచిది. ఈపబ్, పీడీఎఫ్‌లని ఒకచోట సర్దుతుంది, ఏ రీడర్‌కి కావాలంటే ఆ రూపంలోకి మారుస్తుంది. తాళమున్నవి అందులో తెరుచుకోవు. కొన్న పుస్తకానికి తాళం ఉందో లేదో తెలుసుకోవడానికి అదే సులువైన పరీక్ష.

సినిమాలకు మాత్రం ఫైలు చేతికిచ్చే దుకాణాలు దాదాపు లేవు. నాకు నిజంగా కావాల్సిన సినిమా అయితే డిస్క్ కొనమంటాను. మిగతావి అద్దెకి తీసుకుంటే చాలు, "కొనండి" ధర పెట్టడం దండగ. ఈ బటన్ మీద కాలిఫోర్నియాలో ఒక చట్టం వచ్చింది, 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఇచ్చేది లైసెన్సు మాత్రమే అయితే ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అని రాయకూడదు. మనకీ అలాంటిది రావాలి.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చే డిస్కులు, పిల్లల అకౌంట్లు

మా ఊళ్లో ఇంటికొకరు అమెరికాలో ఉన్నారు. వస్తూ వస్తూ మనవళ్ల కోసం హాలీవుడ్ డిస్కులు తెస్తారు. డీవీడీల్లో అమెరికాది రీజియన్ 1, మనది రీజియన్ 5. అక్కడి డీవీడీ ఇక్కడి ప్లేయర్‌లో సాధారణంగా ఆడదు. కంప్యూటర్ డ్రైవ్‌లో రీజియన్ మార్చుకోవచ్చు కానీ 5 సార్లే, ఆ తర్వాత చివరిగా పెట్టిన రీజియన్ దగ్గరే బిగుసుకుపోతుంది. "మార్చాలా" అని అడిగితే ఊరికే సరే అనకండి. బ్లూరేలో అమెరికాది ఏ, మనది సీ. 4కే అల్ట్రా హెచ్‌డీ డిస్కులకు మాత్రం రీజియన్ లేదు. తెచ్చేవాళ్లకు ముందే ఫోన్ చేసి అవే తెమ్మని చెప్పండి, ఇక్కడ 4కే డిస్క్ ప్లేయర్ ఉంటేనే సుమా. డబ్బాలో ఉండే డిజిటల్ కోడ్ చీటీ మీద ఆశ పెట్టుకోవద్దు. ఆ కోడ్‌తో సినిమా ఇచ్చే మూవీస్ ఎనీవేర్ లాంటివి అమెరికాలోనే పనిచేస్తాయి.

అబ్బాయి అకౌంట్‌లో అక్కడ కొన్న సినిమా, నాన్న గారు ఇక్కడ తెరిస్తే రాకపోవచ్చు, హక్కులు దేశాల వారీగా ఉంటాయి. మకాం మార్చేవాళ్లు అకౌంట్ దేశం మార్చే ముందు, కొన్నవాటిలో దించుకునే వీలున్నవన్నీ దించుకోండి. గూగుల్ ప్లేలో దేశం ఏడాదికి ఒక్కసారే మార్చనిస్తారు. ఆపిల్‌లో అకౌంట్‌లో మిగిలిన డబ్బు ఖర్చయితే గానీ మార్చనివ్వరు.

చూపు లేనివాళ్లకు

అందరికంటే ఎక్కువ నష్టపోయేది వీళ్లు. తెరమీది అక్షరాలని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కి తాళం అడ్డం పడితే, డబ్బు పెట్టి కొన్న పుస్తకం వాళ్లకు మూగది అవుతుంది. 2009లో కిండిల్‌కి చదివి వినిపించే సౌకర్యం వచ్చినప్పుడు, అమెరికాలో రచయితల సంఘం అభ్యంతరం చెబితే, ఏ పుస్తకానికి కావాలంటే ఆ పుస్తకానికి దాన్ని ఆపేసే అధికారం ప్రచురణకర్తలకు ఇచ్చారు. కాబట్టి చూపు లేనివాళ్ల కోసం కొనేటప్పుడు ముందు ఉచిత శాంపిల్ దించి, ఫోన్‌లో చదివి వినిపించే టాక్‌బ్యాక్ (ఆండ్రాయిడ్) గానీ వాయిస్‌ఓవర్ (ఆపిల్) గానీ దాన్ని చదువుతోందో లేదో వినండి. చదవకపోతే కొనకండి.

మన చట్టం ఇక్కడ మెరుగ్గా ఉంది. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ, వికలాంగులు వాడుకునే రూపంలోకి పుస్తకాన్ని మార్చడానికి అనుమతి ఇచ్చింది. ఇదే పని కోసం ప్రపంచ దేశాలు 2013లో చేసుకున్న మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అన్నింటికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం 2016 నుంచి ఉంది. మీ ఇంట్లోనో వీధిలోనో అవసరమైనవాళ్లుంటే సభ్యత్వం తీసుకోవడానికి కూర్చుని సాయం చేయండి.

ఫిర్యాదు చేయాల్సి వస్తే

అదే 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్ ప్రకారం, కాపీరైట్ హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం పగలగొడితే రెండేళ్ల వరకు జైలు, జరిమానా. చట్టం నిషేధించని పని కోసమైతే మినహాయింపు ఉంది. అయినా దాని మీద ఆధారపడి ఎవరో ఇచ్చిన సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోమని నేను చెప్పను. వాటితో పాటు వచ్చే వైరస్‌లు శుభ్రం చేసేది కూడా నేనే.

నేరుగా అడిగే దారి ఉంది. 2020 ఈ-కామర్స్ నిబంధనలు డిజిటల్ సరుకులకీ వర్తిస్తాయి. ప్రతి కంపెనీకీ ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. వెబ్‌సైట్‌లో అట్టడుగున గ్రీవెన్స్ ఆఫీసర్ అని వెతకండి. చాట్‌లో మాట్లాడి వదిలేయకండి, మెయిల్ పెట్టండి. "మీ యాప్ బాగోలేదు" అని రాస్తే తిరుగు టపాలో క్షమాపణ తప్ప ఏమీ రాదు. ఏ తేదీన ఎంత కట్టారు, కొనేటప్పుడు పేజీలో ఏమని రాసి ఉంది, మీ టీవీ లేదా ఫోన్ మోడల్ ఏమిటి, ఎర్రర్ కోడ్ ఏమిటి, డబ్బు వెనక్కి కావాలా లేక సినిమా ఆడితే చాలా, ఇవన్నీ రాయండి. నెల దాటినా పలక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే కేసు వేయడానికి ఫీజు లేదు.

సాక్ష్యం కోసం స్క్రీన్‌షాట్ మీద ఆధారపడకండి, ముందే చెప్పినట్టు అది నల్లగా వస్తుంది. ఇంట్లో ఇంకొకరి ఫోన్‌తో వీడియో తీయండి. అందులో వరసగా మూడు కనిపించాలి: యూట్యూబ్ పాట చక్కగా ఆడటం, అదే తెర మీద కొన్న సినిమా ఆగిపోయి ఎర్రర్ కోడ్ రావడం, యాప్‌లో మీ ప్లాన్ గడువు తేదీ.